మసక ఫోటోలో పసుపు చుక్క

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నేను అటు తిరిగి ఇటు తిరిగేలోగా నా కూతురు కనబడకుండా పోవడం. దానికింకా మూడేళ్లు నిండలేదు. ఒకచోట నిలవదు, గెంతుతూనే ఉంటుంది. అందుకే ఇంట్లో అందరం పిచ్చుక అంటాం.

మా ఆయన అక్క, అంటే మా వదిన, ఊళ్లు తిరిగి పత్రికలకి ఫోటోలు తీస్తుంది. ఒకసారి ఎప్పుడూ వానలు పడే ఓ దేశానికి బయల్దేరుతూ, "నువ్వూ రావే, గొడుగు పట్టడానికి మనిషి కావాలి" అంది.

"తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. కెమెరా సంగతులు నాకేం తెలుసు వదినా?"

"గొడుగు పట్టడానికి డిగ్రీ అక్కర్లేదులే."

పిచ్చుకను చంకనేసుకుని వెళ్లాను.

లాడ్జి గదిలో రాత్రంతా ఏసీ గడగడమంటూనే ఉంది. పొద్దున వదిన మంచుముక్కలా చల్లబడ్డ కెమెరాను మెడలో వేసుకుని నేరుగా సంత వీధిలోకి దిగింది. బయట గాలి ఉడుకుతున్న గిన్నె మీద మూత తీసినట్టుంది. కెమెరా అద్దాన్ని ఆవిరి కమ్మేసింది. తుడిచిన కొద్దీ మళ్లీ కమ్ముతోంది. ఇంతలో చినుకులు. నేను రెండు చేతులతో గొడుగును కెమెరా మీదికి వంచి పట్టుకున్నాను. పిచ్చుక నా కొంగు పట్టుకుని ఉంది. ఉందనే అనుకున్నాను.

వదిన నాలుగైదు ఫోటోలు నొక్కి, తెర చూసుకుని తల కొట్టుకుంది. "అన్నీ పాలలో ముంచి తీసినట్టున్నాయి. నా బుర్రకి బూజు పట్టింది. ఉండు, చెరిపేస్తా."

నేను కిందికి చూశాను. కొంగు ఉంది. పిల్ల లేదు.

గొడుగు ఎక్కడ పారేశానో గుర్తులేదు. "పిచ్చుకా!" అని అరుస్తూ బుట్టల సందుల్లో, జనం కాళ్ల మధ్య వెతికాను. ఆ వీధి చివర పడవల రేవు. దాని అవతల అంతా నీళ్లే. నా చూపు అటే పోయింది.

"ఏడుపు తర్వాత. దానికి ఏం వేశావు?" అంది నా వెనకే వచ్చిన వదిన.

"పసుపు వానకోటు."

ఆమె వేలు ఇంకా చెరిపే మీట మీదే ఉంది. నేను ఆ చెయ్యి పట్టేసుకున్నాను. "చెరపకండి వదినా! చూడండి!"

మొహాల్లేవు, అంగళ్లు లేవు, అంతా తెల్లటి మసక. కానీ మొదటి ఫోటో కింది అంచున ఒక పసుపు చుక్క. తర్వాతి దాంట్లో అది ఇంకాస్త చిన్నదై దూరం జరిగింది. చివరి దాంట్లో ఎడమ పక్కన, గుండ్రటి నల్ల మచ్చల కింద ఆగింది.

"ఈ మచ్చలు వేలాడదీసిన గొడుగులు. గొడుగుల కొట్టే అది! రేవుదాకా పోలేదు, పద!" అంది వదిన.

పరిగెత్తాం. కొట్టులో నేల మీద ఒక పెద్ద నల్ల గొడుగు తెరిచి ఉంది. దాని కింద నా కూతురు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన ఓ అవ్వ నవ్వుతోంది, నవ్వు మధ్యలో దగ్గుతోంది.

"ఇల్లు కావాలందమ్మా. తెరిచిచ్చాను" అంది అవ్వ తెలుగులోనే; ఎప్పుడో మనవైపు నుంచి వలసొచ్చిందట. జరిగింది విని నన్ను ఎగాదిగా చూసింది. "పిల్లను వదిలేసి గొడుగు పట్టుకున్నావా తల్లీ? గొడుగులు నా దగ్గర బోలెడున్నాయి!"

నేను నవ్వుతూనే ఏడ్చేశాను. "అమ్మా, చెప్పులిప్పి లోపలికి రా" అంది పిచ్చుక. విప్పి, వంగి, వెళ్లాను. దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను.

"అవ్వా, ఒక ఫోటో తీయనా?" అని వదిన అడిగింది.

"పళ్లు లేవు. నోరు మూసి నవ్వుతాలే" అంది అవ్వ. అప్పటికి అద్దం దానంతటదే తేటపడింది.

అలాంటి చోటికి కెమెరాతో వెళ్లేవాళ్లకి చెప్తున్నాను. చల్లటి గదిలోంచి బయటికొచ్చాక సంచి వెంటనే తెరవకండి. లోపలున్న కెమెరాకి బయటి వేడి పట్టేదాకా ఆగండి. పాడైన ఫోటోలని దారిలోనే చెరిపేయకండి. గొడుగు పట్టే మనిషికి చిన్నపిల్ల ఉంటే, ఆ పిల్లను ఇంకొకరు ఎత్తుకోండి.

రేవుకి వెళ్లే దారిలో ఎడమ పక్కన ఉంటుంది ఆ కొట్టు. గోడలన్నీ చెమ్మ. అవ్వ తనకి ఎవరూ లేరంది. మేం వచ్చేసేటప్పటికీ ఆ దగ్గు తగ్గలేదు. మీరు అటు వెళ్తే ఒక్కసారి లోపలికి తొంగిచూసి, అవ్వ ఎలా ఉందో కనుక్కోండి.