పైడిరాజు ఇంటి మిగులు బూటు

నేను ఒక కుడి కాలి ఫుట్‌బాల్ బూటును. నంబరు ఎనిమిది, రంగు నారింజ. ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో నా అడుగున గుబ్బలు బిగించిన మనిషి నన్ను వేలితో కొట్టి చూసి, ఇది గట్టిగా తంతుంది అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎనిమిది నెలలు బతికాను. ఎందుకంటే ఆ ఎనిమిది నెలల్లో నేను తన్నింది ఏమీ లేదు.

కారణం చెబుతాను. విజయనగరంలో పైడిరాజు అని పదిహేనేళ్ళ ఆటగాడున్నాడు. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. కుడి చెయ్యీ కుడి కాలూ బిగుసుకుని ఉంటాయి, మెదడు చెప్పిన మాట కాస్త ఆలస్యంగా వింటాయి. ఎడమ కాలు మాత్రం చెప్పకముందే పరిగెత్తుతుంది. అందుకేనేమో ఎడమ పాదం ఎనిమిదో నంబరుకి ఎదిగింది, కుడిది ఆరు దగ్గర ఆగింది. దుకాణాల వాళ్ళేమో మనిషికి రెండు పాదాలూ ఒకటేనని తీర్మానించుకుని కూర్చున్నారు. చేసేదిలేక వాళ్ళమ్మ సన్యాసమ్మ గారు రెండు జతలు కొన్నారు. ఎడమ ఎనిమిదీ, కుడి ఆరూ ఉద్యోగంలో చేరాయి. కుడి ఎనిమిదినైన నన్నూ, ఎడమ ఆరునూ ఒకే అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించారు. అంత ఎడం ఉన్న సంబంధం మనుషులైతే చేయరు.

ఒకనాటి ఉదయం పెట్టె కిందికి దిగింది. విశాఖపట్నంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు. జట్టుకు ఏడుగురు. ఆరు దేశాల నుంచి జట్లు వస్తున్నాయి, మన పైడిరాజుకు అదే మొదటి పెద్ద ఆట. పరదేశీయుల ముందు మురికిగా కనబడకూడదని సన్యాసమ్మ గారు వాడే బూట్లను శుభ్రంగా కడిగి పిట్టగోడ మీద ఆరబెట్టారు. బస్సు తొందరలో వాటిని మరిచిపోయి, మా పెట్టెను సంచిలో పడేసి బయలుదేరారు.

మైదానంలో పెట్టె మూత తీసింది కోచ్ ఢిల్లీశ్వరరావు మాస్టారు.

"ఏటమ్మా ఇది?"

"బూట్లు బాబూ."

"బూట్లే. ఈ కాళ్ళెవులివి?"

పైడిరాజు నన్ను తొడిగి చూశాడు. వాడి కుడి పాదం నాలో, ఖాళీ బస్సులో ఒకే ఒక్క ప్రయాణికుడిలా, అటూ ఇటూ జరిగింది. ఎడమ ఆరు బొటనవేలి దగ్గరే మొరాయించింది. అర్జెంటీనాతో ఆట అరగంటలో ఉంది. జట్టులో అదనంగా ఉన్న ఎనిమిదోవాడికి జ్వరం. పైడిరాజు దిగకపోతే ఆరుగురే ఆడాలి. ఒట్టి కాళ్ళతో ఆడతానంటే రిఫరీ తల అడ్డంగా ఊపాడు.

"ఇంటికెల్లి అట్టుకొత్తాను," అన్నారు సన్యాసమ్మ గారు.

"నువ్వొచ్చేసరికి ఆల్లు ఆల్ల దేశం ఎల్లిపోతారమ్మా," అన్నాడు పైడిరాజు, నేల చూస్తూ.

కన్నీళ్ళు కొడుకుకి కనబడకుండా ఆవిడ మంచినీళ్ళ వంక పెట్టుకుని ఆటగాళ్ళ గదుల వెనక్కి వెళ్ళారు. అక్కడ పొడవాటి బల్ల. బల్ల నిండా బూట్లు, ఒక్కదానికీ సరైన జోడు లేదు. ఇలాంటి పోటీలకు వచ్చే కుటుంబాలన్నీ మిగులు బూట్లు తెచ్చుకుని మార్చుకోవడం వాడుకట. కుడి వైపు బిగిసినవాడికి మిగిలింది ఎడమ వైపు బిగిసినవాడికి పనికొస్తుంది. మన జట్టు కొత్తది కాబట్టి ఎవరూ చెప్పలేదు.

"ఓలమ్మ, అన్నీ మన బీరువా మీది సరుకే," అనుకుంటూ ఆవిడ వెనక్కి వచ్చి, నన్నూ ఎడమ ఆరునూ పట్టుకుని మళ్ళీ ఆ బల్ల దగ్గరికి పరుగెత్తారు.

బల్ల అవతల అర్జెంటీనా ఆటగాడు ఫకుందో వాళ్ళ నాయనమ్మ కూర్చుంది. ఆమె ముందు ఎడమ ఎనిమిది, కుడి ఆరు. బేరం మొదలైంది. సన్యాసమ్మ గారు ఆ ఎడమ ఎనిమిదిని తిరగేసి, నేలకేసి కొట్టి, వాసన చూశారు.

"లేసులు సూడు, సెమ్కీ దారంలాగున్నాయి. మాది గడ్డి ముట్టనేదు, తెలుసా?"

నాయనమ్మ తన భాషలో ఏదో అంటూ నా రంగు చూసి ముక్కు విరిచింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ సరిగ్గా కోప్పడవలసిన చోటే కోప్పడ్డారు. చివరికి కొసరుగా కొత్త లేసులు కూడా వచ్చాయి.

ఫకుందో పాత కుడి బూటు అప్పటికే ముందు భాగంలో నోరు తెరిచి ఉంది. వాడు నన్ను అక్కడే తొడిగేసుకున్నాడు. ఎనిమిది నెలల నిరుద్యోగం మూడు నిమిషాల్లో తీరింది. తీరా చేరింది ఎదుటి జట్టులో.

ఎదుటి గోలు దగ్గర ముందే కాపు కాయకూడదనే ఆఫ్‌సైడ్ నియమం ఈ ఆటలో లేదు. ఫకుందో హాయిగా మన గోలు పక్కనే నిలబడ్డాడు.

"రిఫరీ బాబూ, ఆడక్కడే కాపరం ఎట్టీసినాడు, సూడవేటి?" అని గట్టు మీంచి సన్యాసమ్మ గారు.

"ఈ ఆటలో అది తప్పు కాదమ్మా," అన్నారు మాస్టారు.

"మరి మనోడినీ ఎట్టమను."

ఒకటి ఒకటితో సమంగా ఉండగా, చివరి నిమిషంలో బంతి నా ముందుకొచ్చింది. ఎదురుగా పైడిరాజు. కాస్త వంకరగా తగిలితే చాలు, మన ఇల్లు నిలబడుతుంది. ఆలోచించాను. కానీ బూటన్నాక లోపలున్న కాలి మాట వినాలి. తన్నాను. బంతి పైడిరాజు కాళ్ళ మధ్య నుంచి వలలో పడింది.

వాడు బంతిని చూడలేదు, నన్నే చూశాడు.

"అమ్మా, మన బూటే."

"ఎరగనేటి? ఇన్నాళ్ళు కూకోబెట్టి మేపితే మనకే కొట్టింది."

"బూటుని మేపడమేటే?"

"దుమ్ము దులిపినాను కదరా."

ఆట అయ్యాక ఫకుందో నన్ను విప్పి పైడిరాజుకి అందించాడు. వాడు తన ఎడమ బూటును చూపించి, ఇది నాకుండనీ అన్నట్టు నవ్వి, నన్ను వెనక్కి నెట్టాడు. అలా నేను సముద్రాలు దాటాను. అక్కడ రెండేళ్ళు తన్నాను, చాలా గోల్స్ కొట్టాను. కానీ విశాఖలో ఆ ఆట మరునాడే మా జట్టు వేరే మైదానానికి మారడంతో ఆ తర్వాత పైడిరాజు ఎలా ఆడాడో నాకు తెలియలేదు. వాడి మొదటి ఆట చెడగొట్టింది నేనేనన్న బాధ అడుగున రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న విజయనగరం నుంచి పార్సెల్ వచ్చింది. సన్యాసమ్మ గారూ నాయనమ్మా ఇప్పటికీ మిగులు బూట్లు పంపుకుంటున్నారు. అందులోంచి దిగిన కుడి తొమ్మిదో నంబరును నేను క్షేమసమాచారాలు కూడా అడగలేదు.

"పైడిరాజు గోల్ కొట్టాడా?"

"ఆ మర్నాడే కొట్టాడు. జపాన్ మీద."

"నువ్వప్పటికి పుట్టనేలేదు. నీకెలా తెలుసు?"

"బీరువా మీదికి సన్యాసమ్మ గారి గొంతు వినబడదా? కొట్టింది ఒకటే. పాలవాడికి చెప్పేటప్పుడు రెండు. నేను బయలుదేరే రోజు కూరలావిడ దగ్గర మూడైంది."