దుప్పటి మడతపెట్టిన హంతకురాలు

నేనూ నవ్వాను. అబద్ధమెందుకు? ముగ్గురు జడ్జీల్లో మొదట పగలబడి నవ్వింది నేనే.

కొత్తవాళ్ళు తీసిన సినిమాల పోటీ అది. బతుకంతా ఎడిటింగ్ గదిలో కూర్చుని పెద్దపెద్దవాళ్ళ సినిమాలు కత్తిరించాను కాబట్టి నన్ను పిలిచారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కత్తెరమ్మనే. ఒక పక్క సినిమా పాఠాలు చెప్పే లెక్చరరమ్మ. మధ్య సోఫాలో, పోటీ పెట్టిన నిర్మాత పెద్దాయన. ఇద్దరి మాట కలిస్తే అదే తీర్పు. గెలిచిన సినిమాను శుక్రవారం అసలు సిసలు సినిమా హాల్లో ఆడిస్తారు. ఓడినవి ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకోవాల్సిందే.

మమ్మల్ని నవ్వించిన సినిమా తీసింది ఒక హోటల్లో బట్టలుతికే గదిలో పనిచేసేవాళ్ళు. డ్యూటీ దిగాక ఫోనుతో తీశారు. ఫోను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. శవం హాయిగా ఊపిరి పీలుస్తోంది, ఒకసారైతే ముక్కు కూడా గోక్కుంది. రక్తమంటే బీట్‌రూట్ రసం. అయినా చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

కథలో ఉతికే ఆవిడ మేనేజర్ని ఇస్త్రీపెట్టెతో కొట్టి చంపుతుంది. శవం మీద కప్పడానికి దొంతరలోంచి తెల్ల దుప్పటి లాగి విదిలిస్తుంది. అప్పుడే తలుపు దబదబా బాదుతారు. వెనక తలుపు తెరిచే ఉంది. పారిపోవాలా, వద్దా? ఈవిడ పారిపోదు. దుప్పటిని గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారజాపి, అంచుకు అంచు కలిపి శుభ్రంగా మడతపెడుతుంది. దొంతర మీద పెట్టి అరచేత్తో ఒకసారి నిమురుతుంది. అప్పుడు వెళుతుంది.

లెక్చరరమ్మకు నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. నేను మాత్రం ఆ అరచెయ్యి దగ్గర ఆగిపోయాను. మనిషిని చంపిన చెయ్యి ముడత కనబడితే ఊరుకోలేకపోయింది. నాకు నిజంగా భయమేసింది.

"ఆ ముక్క లేపేయండి," అన్నాడు పెద్దాయన. "తలుపు చప్పుడు, వెంటనే పరుగు. మీకెంత పని, కత్తెరమ్మగారూ? అది పోతే ఫస్టు ప్రైజు వీళ్ళదే. ఉంటే నేనొప్పుకోను, హాల్లో నా పరువు పోతుంది."

లెక్చరరమ్మ తలూపింది.

"నేను కొయ్యను," అన్నాను.

పెద్దాయన నాతో వాదించకుండా, మెట్ల మీద కాచుక్కూచున్న డైరెక్టరు పిల్లను పిలిపించాడు. వెంట హంతకురాలు కూడా వచ్చింది. ఆ పిల్లకు పిన్నట. సంగతి వినగానే పిల్ల పిన్ని మీద విరుచుకుపడింది.

"చెప్పానా, మడతపెట్టొద్దని! ఎన్నిసార్లు తీసినా అదే పని!"

"నన్నేం చెయ్యమంటావే? విప్పిన దుప్పటి అలా వదిలేసి పొమ్మంటే నాకు కాళ్ళాడవు."

"చూశారా, తప్పేనట!" అన్నాడు పెద్దాయన నాతో.

నాకు ఒళ్ళు మండింది. "తప్పే! అందుకే కొయ్యను. పొద్దుట్నుంచి చూసిన సినిమాలన్నిట్లో అవే నల్ల కళ్ళద్దాలు, అవే తుపాకులు, అన్నీ ఎక్కడో చూసి ఎత్తుకొచ్చినవే. ఈ మడత ఈవిడ ఎవర్ని చూసి నేర్చుకుంది చెప్పండి! అమ్మాయ్, పరుగు ఎవరైనా తీస్తారు. అది కోసి గెలిస్తే, గెలిచింది మీ సినిమానేనా?"

"గెలవకపోతే ఎవరూ చూడరు కదా మేడం," అంది ఆ పిల్ల. "శుక్రవారం మా వాళ్ళంతా హాలుకెళ్ళాలని ఆశపడుతున్నారు. కోసేయండి."

ఆ పిల్ల అన్నదాంట్లోనూ న్యాయముంది. అయినా కొయ్యడానికి నాకు చేతులు రావు. నా పంతానికి వీళ్ళు నష్టపోతారని తెలుస్తూనే ఉంది.

అప్పుడు లెక్చరరమ్మ పిన్నివైపు తిరిగింది. "మడతపెట్టారు సరే. మళ్ళీ నిమిరారెందుకు?"

"ముడత పడింది కదమ్మా."

పక్కన శవం పడుంది, బయట తలుపు బాదుతున్నారు, ఈవిడకు కనబడింది ముడత. చెప్పేటప్పుడు కూడా ఆవిడ ముఖంలో తడబాటు లేదు. లెక్చరరమ్మ కాసేపు ఆమెనే చూసింది. తర్వాత చెయ్యెత్తింది.

"నా ఓటు ఈ సినిమాకే. ఉన్నదున్నట్టుగా."

నా చెయ్యి అప్పటికే గాల్లో ఉంది.

పెద్దాయన ముఖం కందగడ్డయింది. మా ఇద్దర్నీ ఏమీ అనలేక పిన్నిని పట్టుకున్నాడు. "అమ్మా, నీ మంచికే చెబుతున్నా. హాలు హాలంతా నిన్ను చూసి నవ్వుతుంది. తలెత్తుకోగలవా?"

పిల్ల బెదిరిపోయి పిన్ని చెయ్యి పట్టుకుంది. పిన్ని మాత్రం తల దించలేదు.

"నవ్వుకోనివ్వండి సార్. ఇంటికెళ్ళాక దుప్పటి మడతపెట్టుకోవాలిగా. అప్పుడు నేను గుర్తొస్తాను."

పెద్దాయన నవ్వలేదు.