జారని నీళ్ళు

మంచినీళ్ళను చిక్కబరిచి తాగించాలన్న మాట చెంగమ్మ ఎన్నడూ వినలేదు. పక్షవాతంతో భర్త ధనకోటికి కుడిపక్క పడిపోయాక, తిరువళ్ళూరు ఆసుపత్రిలో నర్సు ఏంజెలిన్ చెప్పింది. మింగే నరాలు దెబ్బతిన్నాయట. పలచని నీళ్ళు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయట.

"వెరుం తణ్ణి కూడాదుమ్మా, వట్టి నీళ్ళు ఇయ్యొద్దు," అంది ఏంజెలిన్. "చెంచా వంచితే ధార కట్టకూడదు. తేనె మాదిరి జారాల. నిమోనియా వచ్చిందంటే మనిషి దక్కడు."

ఆసుపత్రివాళ్ళిచ్చిన పొడి కలిపితే ధనకోటి సుద్ద మాదిరి ఉండాదని ఉమ్మేశాడు. అప్పుడు ఏంజెలినే బెండకాయ జిగురు సంగతి చెప్పింది. చిక్కదనం సరిగా కుదిరితే అదీ పనికొస్తుందంది.

సొంతూరు అత్తిమంజేరిపేటకు తిరిగొచ్చాక చెంగమ్మకు అదే పనయింది. లేత బెండకాయలు నిలువునా చీల్చి, కాచి చల్లార్చిన నీళ్ళలో నానేసేది. చేత్తో మెల్లగా పిసికి, పలచని గుడ్డలో వడగట్టేది. కాయ ముదిరితే జిగురు దిగదు, గట్టిగా పిండితే పసరు వాసన.

పక్కింటి అలిమేలమ్మ నవ్వేది. "జిగురు పోవాలని బెండకాయలో చింతపండు పోసేటోళ్ళం మనం. నువ్వేమో కాయ పారేసి జిగురు దాచుకుంటాండావే!"

ధనకోటి ఒకప్పుడు మగ్గానికెక్కే నిలువు నూలుకు, పడుగులకు గంజి పెట్టేవాడు. నేతగాళ్ళు వీధిలో పడుగు సాగదీసి ఆయన కోసం కాచుకునేవాళ్ళు. గంజిలో వేళ్ళు ముంచి, అది జారే తీరు చూసి, "ఇంకో చెంబు నీళ్ళు పొయ్యండి" అనేవాడు. ఇప్పుడు చెంగమ్మ చెంచా వంచిన ప్రతిసారీ ఆ కళ్ళు ఆమె చేతి మీదే.

"చిక్కన," అనేవాడు ముద్దమాటతో. "పలచన చెయ్యి."

"చెయ్యను మామా. నర్సు ఏమనింది?"

"నర్సు తాగతాదా ఇది?"

ఎండలు ముదిరాయి. వీధి కొళాయి కింద బిందె నిండే చప్పుడు వినబడితే చాలు, ధనకోటి నాలుక పెదవుల మీద ఆడేది.

ఒక పొద్దున ఆయనే పిలిచాడు. "మే, కడుపులో తిప్పతాండాది. రవంత నిమ్మకాయ పిండు. తాగతా."

తాగుతానని ఆయన నోటివెంట రావడమే పండగ. చెంగమ్మ పెరట్లో నిమ్మకాయ కోసి, సగం చెక్క జిగురునీళ్ళలో పిండి కలిపింది. చెంచా ఎత్తి వంచింది.

నీళ్ళు సరసరా కారిపోయాయి.

పులుపు తగిలితే జిగురు విరుగుతుందని ఆమెకు తెలియక కాదు. ఆయన తాగుతాననేసరికి ఆ ఎరుకే లేకపోయింది. తలెత్తి చూసింది. ధనకోటి ఆ ధారనే చూస్తున్నాడు. గంజి సరిగ్గా కుదిరిందని తేల్చుకున్నప్పటి చూపు అది.

"తెలిసే అడిగినావు గదా మామా."

ఆయన అబద్ధం చెప్పలేదు. "ఒక్క గుక్క."

"ఆ గుక్కతో చచ్చిపోతావంట."

"దప్పికతో గూడా చస్తానే ఉండా గదే."

"నా చేత్తో నన్నే పొయ్యమంటావా?"

ధనకోటి ఎడమచెయ్యి చాచాడు. "నీ చెయ్యి వద్దులే. గ్లాసు ఇయ్యి. నేనే తాగతా."

చెంగమ్మ గ్లాసు పెరట్లోకి తీసుకుపోయి పారబోసింది. మళ్ళీ జిగురు వడగట్టి, చెంచాతో సరిచూసుకుని తెచ్చింది. ఆయన నోరు తెరవలేదు. మధ్యాహ్నమూ తెరవలేదు. పొద్దు వాలేసరికి పెదవులు పగిలి తెల్లగా పొరలు లేచాయి.

గుడ్డ తడిపి పెదవులు తుడవొచ్చని ఏంజెలిన్ చెప్పి ఉంది. చెంగమ్మ ఉతికిన గుడ్డ తడిపి, పిండి, పెదవులకు అద్దింది. అద్దగానే ధనకోటి దాన్ని పళ్ళతో పట్టుకున్నాడు. చీకసాగాడు.

"వదులు మామా."

లాగింది. వదల్లేదు. ఆయన గొంతు పైకీ కిందికీ కదిలింది. గుడ్డలో మిగిలినవి నాలుగు చుక్కలు, అవీ వట్టి నీళ్ళే. చెంగమ్మ లాగడం మానేసి, గుడ్డ రెండో కొస పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

దగ్గు వచ్చింది. ఆయన్ను లేపి కూర్చోబెట్టి, ఒళ్ళంతా అదిరిపోతుంటే వీపు నిమిరింది. దగ్గు ఆగింది.

"చాలా?" అంది.

"చాలదు," అన్నాడు ధనకోటి.

చెంగమ్మ గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచింది. ఈసారి ఇంకా గట్టిగా పిండింది.