కుటుంబరావు గారి బెదిరింపు

జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు నడిపే కుటుంబరావు పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ నువ్వు అని పిలిచిన మనిషి కాదు. బస్తాలు దించే వాళ్ళనీ అండి అంటాడు, అరువు ఎగ్గొట్టిన వాళ్ళనీ అండి అంటాడు. గల్లాపెట్టె మీదికి బల్లి వస్తే, "కొంచెం పక్కకి జరగండి" అంటాడు. అలాంటివాడి దగ్గరికి ఒక మే నెల మధ్యాహ్నం స్నేహితుడు భవానీప్రసాద్ వచ్చి, "మీరు నన్ను చంపుతానని బెదిరించాలి" అని అడిగాడు.

కుటుంబరావు కందిపప్పు తూస్తున్నవాడు ఆగిపోయాడు. "మీరేం తప్పు చేశారండి?"

"తప్పు కాదండీ. సాయం అడుగుతున్నా."

భవానీప్రసాద్ గరికపాడు దారిలో మిరప పండించే రైతు. విజయవాడలో ఎవడో ఏజెంటు అతన్ని ఒక చల్లటి దేశానికి పంపిస్తానన్నాడు. ఉద్యోగానికీ చదువుకీ కాదు, శరణార్థిగా. మా ఊళ్ళో నాకు ప్రాణభయం ఉందని అక్కడ దిగగానే చెప్పుకుంటే వెనక్కి పొమ్మనరట. కాకపోతే ఆ భయానికి రుజువు కావాలి. ఫోనులో తీసిన చిన్న వీడియో చాలట.

"దానికి నేనే దొరికానా అండి?"

"నాకు శత్రువులెవరూ లేరు. ఊరంతా ఆలోచించి చూశా. మీకైతే మీసమన్నా ఉంది."

కాదనడం కుటుంబరావుకి చేతకాదు. కొట్టు వెనక గోడౌన్లో ఎండుమిరపకాయలు కుక్కిన గోతాల టిక్కీల మధ్య నిలబడ్డాడు. భవానీప్రసాద్ ఎదురుగా ఫోను పట్టుకున్నాడు.

"ప్రసాదుగారూ, మిమ్మల్ని ప్రాణాలతో వదలనండి."

"అండి తీసెయ్యండి."

"ప్రసాదుగారూ, మిమ్మల్ని ప్రాణాలతో వదలను. ఇవాళ భోజనం మా ఇంట్లోనే."

భవానీప్రసాద్ తల పట్టుకున్నాడు. "భోజనం సంగతి ఎందుకండీ అందులో? ఒరేయ్ అనండి."

"ఎవర్నండి?"

"నన్నే."

కుటుంబరావు నోరు తెరిచాడు గానీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఈలోగా టిక్కీల్లోంచి లేచిన ఘాటు ముక్కుకెక్కింది. తుమ్ము మీద తుమ్ము వచ్చింది. కళ్ళు నిప్పులయ్యాయి, మొహం కందగడ్డయింది, మీసం వణికింది. ఆ ఉక్కిరిబిక్కిరిలో, "ఒరేయ్ ప్రసాదూ, నిన్ను నరుకుతా" అనే మాట ఊడిపడింది. వీడియో ఆగిందని రూఢి చేసుకుని, "క్షమించాలండి" అని చేతులు జోడించాడు.

మర్నాడు పొద్దున భవానీప్రసాద్ నందిగామ బయల్దేరాడు. ఈ కేసు నిలుస్తుందో లేదో అక్కడి లాయరు జెరూషాని ఒకమాట అడుగుతానని కుటుంబరావుకి ముందే చెప్పాడు. దారిలో బస్సులోంచి ఆ వీడియో ఏజెంటుకి పంపాడు. పంపాననుకున్నాడు. బస్సు కుదుపుకి వేలు జారి అది అతని అత్తవారి వాట్సాప్ గ్రూపులో పడింది.

ఇదేమీ తెలియని కుటుంబరావు బెల్లం దిమ్మలు సర్దుకుంటూ ఉండగా కొట్టు ముందు కారు ఆగింది. భవానీప్రసాద్ భార్య ప్రమీలారాణి దిగింది. ఎప్పుడొచ్చినా అన్నయ్యగారూ అని పిలుస్తూ మెట్లెక్కే ఆవిడ, ఆ పూట పలకరించలేదు. కారు డిక్కీ తెరిచి జాకీ రాడ్డు తీసింది.

"మా ఆయన్ని నరికే మొనగాడు ఎక్కడ?"

కుటుంబరావు బస్తాల వెనక్కి జారుకున్నాడు. అతని భార్య వాసవాంబ తాపీగా ముందుకొచ్చి, ప్రమీలారాణి చేతిలో ఫోను తీసుకుని వీడియో రెండుసార్లు చూసింది.

"ఈయనేనా? ముప్పై ఏళ్ళ కాపురంలో నన్నొక్కసారి కూడా ఇంత గట్టిగా పిలవలేదమ్మా" అంది, కొంచెం నొచ్చుకుంటూ.

ఆ తర్వాత ఏమన్నదో కుటుంబరావు వినలేదు. గోడౌన్ వెనక తలుపు తీసుకుని, చెప్పుల్లేని కాళ్ళతోనే బస్టాండుకి పరుగెత్తి నందిగామ బస్సెక్కాడు.

జెరూషా ఆఫీసు కోర్టు పక్క సందులో ఒకే ఒక్క గది. సొంతూరు తిరిగి రాకముందు ఆవిడ ఢిల్లీలో, బర్మా నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళకి శరణు దరఖాస్తులు ఉచితంగా రాసిపెట్టేది. ఎదురుగా భవానీప్రసాద్ చెమటలు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"నాకూ శరణు కావాలండి" అన్నాడు కుటుంబరావు రొప్పుతూ.

"కూర్చోండి. ముందు ఈయన సంగతి తేల్చనివ్వండి" అని జెరూషా భవానీప్రసాద్ వైపు తిరిగింది. "శరణిచ్చేది ఐదు కారణాలకే. జాతి, మతం, దేశం, రాజకీయాభిప్రాయం, లేదంటే ఫలానా వర్గం వాళ్ళు కావడం. వీటిల్లో దేనివల్ల మీకు ప్రాణభయం?"

"రాజకీయం రాసుకోండి."

"మీ అభిప్రాయం ఏంటి?"

"ఏ పార్టీ వాళ్ళొచ్చినా మనవాళ్ళే అంటా."

"పోలీసుల దగ్గరికి వెళ్ళారా?"

"కుటుంబరావు గారి మీద కేసా? పాపం కదండీ."

"ఇంకో ఊళ్ళో తలదాచుకునే వీల్లేదా?"

"ఎందుకు లేదు, కోదాడలో మా పెదనాన్న గారి మేడ మీద రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి."

జెరూషా పెన్ను కింద పెట్టింది. "అసలు ఎందుకు వెళ్దామనుకుంటున్నారు?"

భవానీప్రసాద్ మళ్ళీ చెమట తుడుచుకున్నాడు. "ఎండలండీ. తట్టుకోలేకపోతున్నా. మీరు చెప్పినవాటిల్లో ఎండ దేంట్లోకి వస్తుంది?"

జెరూషా నవ్వలేదు. "ఢిల్లీలో నా దగ్గరికి ఒకావిడ వచ్చేది. ఇల్లు తగలబెడితే పసిపిల్లని ఎత్తుకుని దేశం దాటింది. ఎప్పుడు జరిగిందో తారీఖు సరిగ్గా చెప్పలేకపోయిందని అధికారి నమ్మలేదు. మళ్ళీ విన్నవించి నమ్మించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఇలాంటి వీడియోలు చూసీ చూసీ ఆ అధికారులకి అందరి మీదా అనుమానమే. మీది అబద్ధమని తేలితే మీరు వెనక్కి రావడమే కాదు, అలాంటి ఇంకో ఆవిడని వాళ్ళు నమ్మకుండా చేసినవాళ్ళవుతారు."

భవానీప్రసాద్ ఫోను తీసి వీడియో చెరిపేశాడు. అప్పుడు చూశాడు, అది ఎవరికి పోయిందో. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"ఇప్పుడు మీరు చెప్పండి, ఎవరి వల్ల భయం?" అని జెరూషా కుటుంబరావుని అడిగింది.

"ప్రమీలారాణి గారి వల్లనండి. జాకీ రాడ్డు తీశారండి."

"వేరే ఊరు వెళ్ళే వీలుందా?"

"గరికపాడులో ఆవిడ మేనమామ గారి ధాబా ఉందండి. కంచికచర్లలో పెద్దక్క గారు. రెడ్డిగూడెం పుట్టిల్లు. ఎటు పోయినా ఆవిడ చుట్టాలేనండి."

జెరూషా మొదటిసారి శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది. "ఈ గదిలో న్యాయమైన భయం మీకొక్కరికే ఉంది."

బయట కారు ఆగిన చప్పుడైంది. కుటుంబరావు బీరువా వెనక్కి దూరాడు. ప్రమీలారాణి వట్టి చేతులతో లోపలికొచ్చింది.

"అన్నయ్యగారూ, బయటికి రండి. మీరు అండి అనకుండా మాట్లాడారంటే వెనకుండి ఎవరో నేర్పించి ఉంటారని వదినగారు చెప్పారు. ఇద్దరూ ఇక్కడే ఉంటారన్నదీ ఆవిడే."

"ఆయన నా క్లయింటు. ఏమీ చెయ్యనని ముందు మాటివ్వాలి" అంది జెరూషా, లేచి అడ్డంగా నిలబడి.

"ఇచ్చా" అని ప్రమీలారాణి మొగుడి వైపు తిరిగింది. బల్ల మీద ఏజెంటు ఇచ్చిన కాగితం చూసి, దేశం పేరు కూడబలుక్కుని చదివింది. "ఒక్కరేనా?"

"నేను కుదురుకున్నాక నిన్నూ..."

"నడవండి."

భవానీప్రసాద్ జెరూషా వైపు దీనంగా చూశాడు. "మేడమ్, ఇప్పుడు నిజంగానే భయమేస్తోంది. ఇప్పుడైనా రాస్తారా?"

"అది ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి వస్తుందండీ" అంది జెరూషా.

తిరుగు ప్రయాణంలో కుటుంబరావుని గౌరవంగా ముందు సీట్లో కూర్చోబెట్టింది ప్రమీలారాణి. భవానీప్రసాద్ వెనక ఒదిగి కూర్చున్నాడు. హైవే ఎక్కగానే ఆవిడ ఏసీ కట్టేసి, నాలుగు అద్దాలూ దించేసింది. మిట్టమధ్యాహ్నపు వడగాడ్పు సెగలా లోపలికి కొట్టింది.

"ఏసీ..." అన్నాడు భవానీప్రసాద్.

ఆవిడ కారు వేగం పెంచింది. చిల్లకల్లు దాటేదాకా ఎవరూ పలకలేదు. కుటుంబరావు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కళ్ళు మండుతున్నాయి. అయినా ఏదో ఒకటి అనకపోతే బాగుండదనిపించింది.

"గాలి బాగా వస్తోందండి" అన్నాడు.