పదకొండేళ్ళు విప్పని గొడుగు

నేను ఒక గొడుగుని. ఉన్నమాట చెప్పాలంటే మూడు గొడుగుల మిగులుని. విశాఖపట్నం మార్కెట్ దగ్గర అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేసే సింహాచలం, ఎవరూ తిరిగి పట్టుకుపోని మూడు పాత గొడుగుల్ని ముందేసుకుని, ఒకదాని కర్ర, ఒకదాని బట్ట, ఇంకోదాని పుల్లలు కలిపి నన్ను తయారుచేశాడు. ఒక పుల్ల తక్కువైతే సైకిల్ చక్రం పుల్ల వంచి పెట్టాడు. బట్టకి చిల్లు కనిపిస్తే భార్య పాతచీర ఎర్రంచు ముక్క లోపలివైపు అతికి కుట్టాడు. కాబట్టి ‘అసలు నేనెవరిని?’ అనే ప్రశ్న నాకు పుట్టుకతోనే ఉంది. తత్వవేత్త ఇంట చేరడం నా జాతకంలో రాసిపెట్టే ఉందేమో.

సింహాచలం భార్య పైడితల్లి. కొండ మీద, సముద్రం కనిపించే ఒక కాలేజీలో గదులు ఊడ్చి తుడిచి, మీటింగులకి టీ అందించే పని ఆమెది. నన్ను ఆమె చేతిలో పెడుతూ, “ఇది పారేసినావంటే ఇంకోటి సెయ్యలేను. ఇలాటి కర్ర మళ్ళీ దొరకదు” అన్నాడు సింహాచలం. ఏడాది తిరక్కుండా అతను పోయాడు. నేను మిగిలాను. అప్పట్నించి పైడితల్లి నన్ను ఎండలో కూడా పట్టుకొచ్చేది, వాన లేకపోయినా తుడిచేది.

ఇక ఆచార్య శరభేశ్వరరావు గారి సంగతి. అదే కాలేజీలో నీతిశాస్త్రం చెప్పేవారు. మనిషి ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు, ఎందుకు అన్న విషయం ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నారు. చెయ్యడానికే ఇంకా తీరిక దొరకలేదు. ఒక జూలైలో ‘పరుల వస్తువు’ అనే అంశం మీద గంటా పది నిమిషాలు ప్రసంగించి, చప్పట్లు అందుకుని, వరండా కిటికీకి వేలాడుతున్న గొడుగుల్లోంచి నన్ను తీసుకుని, ఆ ప్రసంగం గురించే ఆలోచించుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

గుమ్మంలో ఆయన భార్య మాణిక్యాంబ గారు ఎదురొచ్చారు.

“ఏమండీ, మన గొడుగు ఈ మేకుకే ఉంది. పొద్దున్న మర్చిపోయి వెళ్ళారు. మరి ఇదెవరిది?”

ఆయన నా వంక చూశారు. అంత దీర్ఘంగా నన్ను అంతవరకూ ఎవరూ చూడలేదు. నాకు సిగ్గేసింది.

“రేపు తీసుకెళ్ళి తీసినచోటే తగిలించండి” అన్నారావిడ, చారులో పోపు వేస్తూ. సమస్య పుట్టడం, తీరడం పోపు చిటపటలు ఆగేలోపే అయిపోయాయి. కానీ అంత తొందరగా తీరిపోయే సమస్య మీద ఆచార్యుల వారికి నమ్మకం ఉండదు.

“అలా ఎలా మాణిక్యం? అక్కడ తగిలిస్తే ఇంకెవరో పట్టుకుపోవచ్చు. అప్పుడు నావల్ల ఒకటికి రెండు తప్పులు జరుగుతాయి.”

“అయితే నోటీసు పెట్టండి.”

“ఎవడో వచ్చి నాదే అంటే?”

“లోపల ఏం గుర్తుందో చెప్పమనండి.”

“గుర్తేమిటో నాకు తెలియాలంటే విప్పాలి కదా! పరుల గొడుగు విప్పే హక్కు నాకెక్కడిది?”

మాణిక్యాంబ గారు ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూశారు. “అన్నం వడ్డిస్తున్నాను. తినే హక్కుందో లేదో ఈలోపు ఆలోచించుకు రండి” అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆయన నన్ను కాలేజీకి తీసుకెళ్ళి, తన గది తలుపు వెనక తగిలించి, వెంటనే రాయడానికి కూర్చున్నారు. ‘వస్తువు యజమానిని వెతకడం మన మొదటి కర్తవ్యం’ అని మొదటి వాక్యం పడిందో లేదో, తలుపు తోసుకుని పైడితల్లి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

“సారూ, నిన్న వరండాలో నల్లగొడుగొకటి ఒగ్గేసినాను. తమరేటైనా సూసినారా?”

ఆయన తలెత్తలేదు. ఎడమచెయ్యి గాల్లో ఊపారు. “తర్వాత రామ్మా, తర్వాత. ముఖ్యమైన పనిలో ఉన్నాను.”

తెరిచిన తలుపుకీ గోడకీ మధ్య నలుగుతూ నేనున్నాను. ఆమెకి జానెడు దూరం. నాకు ఎముకలు పెట్టాడు, చర్మం పెట్టాడు, నోరొక్కటే పెట్టలేదు సింహాచలం. పైడితల్లి వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారమే ఆమెని కొండకి అవతలివైపున్న ఆడపిల్లల హాస్టల్‌కి మార్చారు.

అక్కణ్ణించి నా విద్వత్ జీవితం మొదలైంది. ఆచార్యుల వారు నన్ను క్లాసుకి తీసుకెళ్ళేవారు, బల్ల మీద పడుకోబెట్టి పాఠం చెప్పేవారు. యజమాని ఎక్కడైనా ఎదురైతే ఇచ్చెయ్యవచ్చని బజారుకీ తీసుకెళ్ళేవారు. నన్ను ఇంట్లో వదిలితే సొంతం చేసుకున్నట్టు అవుతుందనీ, తన గొడుగు కూడా తెచ్చుకుంటే ఒక మనిషికి రెండు గొడుగులు అన్యాయమనీ ఆయన భయం. వాన పడితే నన్ను చంకలో ఇరికించుకుని, నిండా తడుస్తూ నడిచేవారు. విప్పేవారు కాదు. చంకలో గొడుగుతో తడిసిపోతున్న పెద్దమనిషిని చూసి జనం నవ్వితే, శిష్యులు మాత్రం నోటుపుస్తకాల్లో ఏదో రాసుకునేవారు. ఆయన దొంగ మనిషి అని ఎవరూ అనుకోకండి. ప్రతి జూలైలో నా మూలంగా ఆయనకి జ్వరం వచ్చేది. శొంఠి కషాయం గ్లాసు అందిస్తూ మాణిక్యాంబ గారు, “నీతి గొంతులో దిగేటప్పుడు కాస్త ఘాటుగానే ఉంటుంది, మింగండి” అనేవారు.

నాలుగో ఏడు పుస్తకం వచ్చింది. మూడువందల పన్నెండు పేజీలు. మొదటి పేజీలో ‘పేరు తెలియని ఆ యజమానికి’ అని అంకితం. ప్రూఫులు దిద్దిన మాణిక్యాంబ గారు, “పేరు కనుక్కుంటే మిగతా పేజీలన్నీ తగ్గేవి కదండీ” అన్నారు. ఆయన ఆ మాటని ఆక్షేపణగా స్వీకరించి, రెండో ముద్రణలో ఇంకో అధ్యాయం చేర్చారు. ఢిల్లీ నుంచి ఒక పండితుడు, నాలుగు వానాకాలాలు దాటాక తిరిగివ్వాల్సిన కర్తవ్యం తనంతట తనే ఆరిపోతుందని రాశాడు. మైసూరు నుంచి ఇంకొకాయన, మర్చిపోయినవాడిది కూడా సగం తప్పేనని రాశాడు. మేకుకి వేలాడుతూ నేనిదంతా విన్నాను. లోపల నా పుల్లలు తుప్పు పట్టిపోతున్న సంగతి ఏ అధ్యాయంలోనూ లేదు.

పదకొండో ఏట ఆయన పదవీ విరమణ సభ జరిగింది. నన్ను శాఖకి బహూకరించారు. గోడ పక్కన అద్దాల పెట్టె, అందులో నేను. కింద చీటీ: ‘గొడుగు. యజమాని తెలియదు.’ బయట వాన దంచుతోంది. అంత వానని అద్దం వెనకనుంచి చూస్తూ కూర్చోవడం ఒక గొడుగుకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ రోజు టీ అందించడానికి మనుషులు చాలక హాస్టల్ నుంచి ఒకామెని పిలిపించారు. భుజాలు తడిసి, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని వచ్చింది. సంచి తీసి విదిలించి, ట్రే పట్టుకుని నా ముందు నుంచి వెళ్తూ ఆగిపోయింది.

“ఇది నా గొడుగు” అంది పైడితల్లి.

కొత్త శాఖాధిపతి నళినీకాంత్ గారు కంగారుగా లేచి వచ్చారు. “అమ్మా, ఇది పుస్తకంలో గొడుగు. దేశమంతా చదువుతున్నారు.”

“సదవనీండి బాబూ. గొడుగు నాది.”

“కావాలంటే కొత్తది కొనిపెడతాం.”

“కొత్తదెందుకండి, నాదిక్కడే ఉంటే?”

వేదిక మీంచి దండతోనే దిగి వచ్చారు శరభేశ్వరరావు గారు. పదకొండేళ్ళ క్రితం భార్య చెప్పిన ప్రశ్న ఇప్పుడు అడిగారు. “లోపల ఏం గుర్తుందమ్మా?”

“ఎర్రంచు అతుకుంటాది. ఒక పుల్ల సైకిల్ది. మా ఆయన సేసినాడు.”

పెట్టె తెరిచి నన్ను ఆమె చేతిలో పెట్టారాయన. పైడితల్లి విప్పింది. పదకొండేళ్ళ తుప్పు కిర్రుమని అరిచింది. వెలిసిపోయిన ఎర్రంచు, వంకర సైకిల్ పుల్ల అందరికీ కనిపించాయి.

“మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?” అన్నారాయన.

“అడిగినాను కదండీ. తమరినే అడిగినాను. ఏదో రాసుకుంటన్నారు. తర్వాత రమ్మన్నారు.” కాస్త ఆగి, “ఇదిగో, ఒచ్చినాను” అంది.

శిష్యులు పెన్నులు తీశారు. ఇక్కడ గురువుగారు అజాగ్రత్తకీ అపరాధానికీ భేదం వివరిస్తారని అందరూ ఎదురుచూశారు. నేనూ అదే అనుకున్నాను. ఆయన మెళ్ళో దండ తీసి బల్ల మీద పెట్టారు.

“తప్పయిపోయిందమ్మా” అన్నారు.

పుస్తకం ప్రూఫులు గట్టిగా చదువుతుంటే మొత్తం విన్నదాన్ని. ఆ వాక్యం అందులో లేదు. ముందు వరసలో మాణిక్యాంబ గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

సభ ముగిశాక వరండాలో ఆయన చేతులు కట్టుకుని వాన వంక చూస్తూ నిలబడ్డారు. ఆయన గొడుగు, అలవాటు ప్రకారం, ఇంట్లో మేకుకే ఉంది.

“రండి సారూ, గేటు దాకా దిగబెడతాను. అమ్మగోరూ, మీరూ రండి” అంది పైడితల్లి.

“నేను కూడా రావచ్చా?” అని అడిగారాయన.

“అడగడం వచ్చేసింది, ఇంకేం కావాలి. పదండి” అన్నారు మాణిక్యాంబ గారు.

ముగ్గురూ నా కింద సర్దుకున్నారు. ఇన్నేళ్ళు తడిగానే మడిచి ఉంచడంతో నా బట్ట మడతల్లో చివికిపోయింది. మొదటి చుక్క నేరుగా ఆచార్యుల వారి బట్టతల మీద పడింది. రెండోదీ అక్కడే. నేను కావాలని చెయ్యలేదు. ఆయన తల పక్కకి జరపలేదు.

ఇప్పుడు నేను పైడితల్లి గుమ్మం పక్కన మేకుకి ఉంటున్నాను. చివికిన చోట ఆమె కొత్త అతుకు వేసింది, ఈసారి పచ్చంచు. కాలేజీలో అద్దాల పెట్టె ఖాళీగా అలాగే ఉందట. చీటీ మీద ‘తెలియదు’ అన్న మాట కొట్టేసి, ఆచార్యుల వారు తన చేత్తో ‘పైడితల్లి’ అని రాశారట. పిల్లలు ఆ ఖాళీ పెట్టె ముందు నిలబడి ఇంకా నోట్సు రాసుకుంటున్నారని, పక్కింటావిడతో చెబుతూ పైడితల్లి ఒకటే నవ్వడం.

వెళ్ళి చూసొద్దామని నాకూ ఉంది. కానీ మబ్బు పట్టింది, ఆమె చెప్పులేసుకుంటోంది.