తోడికోడళ్ళ గోల్ఫు

నేను ఒక వీడియో గేమ్ క్యాసెట్‌ని. పసుప్పచ్చ డబ్బాలో ఇమిడిన గోల్ఫు ఆటని. నా లోపల ఒక పొట్టి టోపీవాడుంటాడు. బంతి నీళ్ళలో పడితే నెత్తిన చేతులు పెట్టుకుని చతికిలబడతాడు, గుంటలో పడితే గంతులేస్తాడు. తుపాకీ లేదు, చావు లేదు. అందుకే అమలాపురంలో నన్ను కొన్న ఇంటి పిల్లలు రెండ్రోజులకే మొహం మొత్తి మూల పడేశారు.

నన్ను చేరదీసింది ఆ ఇంటి తోడికోడళ్ళు, రత్నకుమారి, హైమ. ఏదో పెళ్ళిలో మాటా మాటా అనుకుని అప్పటికి ఇద్దరికీ మాటల్లేవు. ఒక మధ్యాహ్నం మగవాళ్ళు కొట్టుకి, పిల్లలు బడికి వెళ్ళాక, ఇల్లు సర్దుతూ హైమ నన్ను టీవీకి తగిలించిన ఆటల మిషన్‌లో పెట్టి చూసింది. టోపీవాడు చతికిలబడగానే వెనకనించి రత్నకుమారి ఫక్కున నవ్వింది. పనిచేసే జాయ్‌స్టిక్ ఒకటే. నా ఆటలో ఒకరి తరవాత ఒకరు కొట్టాలి కాబట్టి అది చేతులు మారక తప్పలేదు.

"అదేంటక్కా, మళ్ళీ చెరువులోకే కొట్టేసేవు!"

"నువ్వు పక్కన ఇకిలిస్తుంటే చెయ్యి వణకదేంటే?"

అలా మాటలు కలిశాయి. అత్తగారు కునుకు తీసి లేచేలోపు ఆట కట్టేసి, ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుకునేవారు. ఆ మధ్యాహ్నాలంత సుఖం నేను మళ్ళీ ఎరగను.

తరవాత అన్నదమ్ములకి కొట్టు దగ్గర చెడి, వేరుపడ్డారు. మంచాలు, బిందెలు పంచుకున్నాక మా వంతు వచ్చింది. మిషన్ తమ్ముడికి, క్యాసెట్లు అన్నకి. సరిసమానంగా పంచేశామని వాళ్ళ మురిపెం! పిల్లల చదువులు కూడా బాగుపడతాయన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు అత్తగారి ఎదుట ఆ ఆట మాదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు.

రత్నకుమారి నన్ను బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అత్తగారు పోయింది. మొన్న హైమ కూతురి పెళ్ళికి రత్నకుమారి నన్ను చేతిసంచిలో వేసుకుని వెళ్ళి, భోజనాలయ్యాక తోడికోడలి ఒళ్ళో పెట్టింది.

హైమ మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్ళూ దాచేవా అక్కా? నువ్వొస్తావని ఎంతో చూసేను. ఈ పెళ్ళికి సున్నాలేయించినప్పుడే మిషన్ పాత సామాన్లవాడికి ఇచ్చేసేను."

"నువ్వు పిలుస్తావని నేను చూసేనే," అంది రత్నకుమారి.

నన్ను ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూసుకున్నారు. నాకు కళ్ళు లేవు గాని, ఏడుపొచ్చింది. వాళ్ళ రెండిళ్ళకీ మధ్య దూరం రెండే వీధులు. ఇన్నేళ్ళలో ఏ ఒక్క మధ్యాహ్నమైనా ఎవరో ఒకరు చెప్పులేసుకుని బయల్దేరి ఉంటే సరిపోయేది.