ఉండు, ఇంకోటుంది

పెర్సిస్ గర్భసంచిలో మూడు గడ్డలున్నాయని స్కానింగులో తేలింది. ఆమె పెంటపాడులో టీచరు. పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లల్లేరు కాబట్టి, సంచి జోలికి పోకుండా గడ్డలు మాత్రమే తీయించుకోవాలని ఆమె పట్టుదల.

ఏలూరులో డాక్టర్ గాయత్రి దాపరికం లేకుండా చెప్పింది.

"చెన్నైలో ఇప్పుడు రోబోతో చేస్తున్నారండీ. చిన్న చిన్న గాట్లే. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి తిరుగుతారు. మేమైతే పొట్ట కోయాలి, నెల పైగా విశ్రాంతి కావాలి. కాకపోతే అక్కడ డాక్టరు దూరంగా కూర్చుని తెర చూస్తూ చేస్తారు. బాగా పెద్దగా కనిపిస్తుంది గానీ చేతికి స్పర్శ తెలీదు. లోపల దాగినవాటిని మేము వేళ్లతో తడిమి పట్టుకుంటాం."

మేనమామ కూతురు స్నేహలత కాపురం చెన్నైలోనే. ఆమె ఇలాంటి గడ్డలే రోబోతో తీయించుకుని అప్పుడే వంట కూడా చేసుకుంటోంది. "వచ్చెయ్ వదినా" అని ఫోన్లో పిలిచింది. పెర్సిస్‌కు మనసొప్పలేదు. ఎందుకో తనకు మనిషి చెయ్యే కావాలనిపించింది. ఏలూరులోనే చేరింది.

మత్తులో ఆమెకు కొల్లేరు కనిపించింది. ఎప్పుడో చనిపోయిన తల్లి మార్తమ్మ నడుంలోతు నీళ్లలో వంగి, గుర్రపుడెక్క ఆకుల కింద చేతులతో చేపల కోసం తడుముతోంది. ఆమె అంతలా తడుముతున్నా నీళ్లు మాత్రం కదలడం లేదు.

"ఇక చాలమ్మా, ఇంటికెళ్దాం" అంది పెర్సిస్.

మార్తమ్మ తలెత్తకుండానే "ఉండు, ఇంకోటుంది" అంది.

మర్నాడు డాక్టర్ గాయత్రి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగు తీశామండీ. మూడూ తీసి కుట్టబోతుంటే నా వెనక ఎవరో 'ఉండు, ఇంకోటుంది' అన్నారు. నర్సనుకుని మళ్లీ తడిమాను. సంచి వెనక గోడలో దొరికింది." గొంతు తగ్గించింది. "మా నర్సులెవరూ నన్ను 'ఉండు' అనరు కదండీ."

పెర్సిస్ కల సంగతి డాక్టరుకు చెప్పలేకపోయింది.

కొన్నాళ్లకు స్నేహలత తాడేపల్లిగూడెంలోని పుట్టింటికి వచ్చినప్పుడు పెర్సిస్ ఆమెకు కలా, డాక్టరు మాటా చెప్పింది. 

"నాకూ ఆపరేషన్ మత్తులో కనిపించింది వదినా. కానీ అత్తయ్య నీళ్లలోకి దిగలేదు. గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది. దిగవేంటి అత్తయ్యా అంటే, 'నన్ను రానివ్వట్లేదే' అంది."

"ఎవరు?"

"చెప్పలేదు."

ఆ వారమే ఇద్దరూ ఏలూరు వెళ్లి స్కానింగు చేయించారు. స్నేహలతకు వెనక గోడలో ఒక చిన్న గడ్డ ఉంది.

"ఏ పద్ధతిలోనైనా ఒకటీ అరా మిగలొచ్చండీ. చిన్నదే, కంగారు పడకండి. పెరుగుతోందేమో చూద్దాం" అంది డాక్టర్ గాయత్రి.

ఇక దాచలేక పెర్సిస్ రెండు కలలూ చెప్పేసింది. డాక్టరు నవ్వలేదు, కాదనలేదు. చేతులు తుడుచుకుంది.

"ఇప్పుడు ఆపరేషన్ చేసేటప్పుడు ఎవరినీ మాట్లాడనివ్వట్లేదండీ" అంది. "అయినా కుట్టే ముందు ఒక్క క్షణం ఆగి వింటున్నాను."